పాత చీరల బొంత: ఇంట్లో కుట్టి మనవాళ్లకి ఇచ్చే పద్ధతి, మొదటి నుంచి చివరిదాకా

కోనసీమలో ధనుర్మాసం తెల్లవారుజామున మంచు బాగానే కురుస్తుంది గానీ, ఎముకలు కొరికే చలి ఉండదు. డిసెంబరు, జనవరి నెలల్లో కూడా రాత్రిపూట 18, 20 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. అందుకే బజారులో కొన్న లావుపాటి రజాయిలు మన ఇళ్లలో ఎక్కువ కాలం బీరువా మీదే ఉండిపోతాయి. ఈ వాతావరణానికి సరిపోయేది బొంత. మెత్తబడిన నూలుబట్ట నాలుగు పొరలు, వాటిని కలిపి పట్టుకునే కుట్లు, అంతే. లోపల దూది ఉండదు.

దూది వద్దని గట్టిగానే చెబుతున్నాను. గోదావరి జిల్లాల గాలిలో ఏడాదిలో చాలా నెలలు తేమ ఉంటుంది. దూది ఆ తేమని పీల్చుకుంటుంది, ఉతికితే గడ్డకడుతుంది, మళ్లీ ఏకించాల్సి వస్తుంది. దిండ్లలో నింపే బూరుగు దూది కూడా ఉతికితే గడ్డకడుతుంది. పొరల బొంతనైతే బకెట్లో నానబెట్టి ఉతికి, డాబా మీద ఒక్క ఎండలో ఆరబెట్టుకోవచ్చు. ఉతికేకొద్దీ ఇంకా మెత్తబడుతుంది. బెంగాలీల కాంథా, మరాఠీల గోధడీ కూడా ఇలా పాతబట్టల పొరలు కలిపి కుట్టేవే. కానుకగా ఇచ్చింది రోజూ వాడుకునేలా ఉండాలి, ఇంటికి వచ్చినవాళ్లకి చూపించి లోపల పెట్టేసేలా కాదు.

ముందు ఎవరికో తేల్చుకోండి

పురిటి బిడ్డకా, కొత్త దంపతులకా, మామ్మకా, హైదరాబాద్‌లో ఏసీ గదిలో పడుకునే అన్నయ్యకా, అమెరికా చదువుకి వెళ్తున్న మేనకోడలికా? కొలత, పొరలు, బరువు, రంగు అన్నీ ఈ ఒక్క ప్రశ్న మీదే ఆధారపడతాయి. మామ్మకి కుట్టేది తేలిగ్గా ఉండాలి, ఆవిడే ఎత్తి మడతపెట్టుకోగలగాలి. ఆవిడకి మూడు పొరలు చాలు. ఏసీ గదికైతే అయిదారు పొరలు వేయొచ్చు. అమెరికా వెళ్లే పిల్లలకి విమానంలో ఒక్కో పెట్టెకి సాధారణంగా 23 కిలోలే ఇస్తారు. చేనేత నూలు చీర ఒకటి సుమారు అరకిలో తూగుతుంది కాబట్టి, నాలుగు చీరల డబుల్ బొంత అందులో రెండు కిలోలు తినేస్తుంది. ఆ పిల్లకి రెండు చీరలతో అయ్యే సింగిల్ బొంత కుట్టివ్వడం మేలు.

పట్టింపులు కూడా ముందే కనుక్కోవాలి. శ్రీమంతానికో, బారసాలకో ఇచ్చేదాంట్లో నల్లరంగు ఉంటే కొందరు నొచ్చుకుంటారు. పోయినవాళ్ల చీర శుభకార్యం కానుకలో వద్దనేవాళ్లు ఉన్నారు. అదే చీర కోసం కళ్లనీళ్లు పెట్టుకుని అడిగేవాళ్లూ ఉన్నారు. ఊహించుకోకండి, ఆ ఇంట్లో పెద్దావిణ్ణి ఒక మాట అడగండి. పురిటి బిడ్డకి మొదట కొత్తబట్ట కాకుండా పెద్దవాళ్ల మెత్తటి పాతబట్ట వేసే అలవాటు మనకి ఉండనే ఉంది కాబట్టి, పాతచీరల బొంత తెచ్చారని ఎవరూ చిన్నచూపు చూడరు.

టైము విషయం కూడా ఇక్కడే చెప్పేస్తాను. రోజుకి గంట చొప్పున కూర్చుంటే పసిపిల్లల బొంత పది రోజుల్లో అవుతుంది. పెద్దవాళ్ల సింగిల్ బొంతకి దాదాపు నెల పడుతుంది. సంక్రాంతికి ఇవ్వాలంటే దీపావళి వెళ్లగానే మొదలుపెట్టండి. అప్పుడు తుఫాను ముసురు వచ్చి నాలుగు రోజులు బట్టలు ఆరకపోయినా టెన్షన్ ఉండదు.

గుడ్డ ఎంచడం

బొంతకి ప్రాణం గుడ్డే. పదేళ్లు కట్టి, ఉతికి, గంజి పెట్టి మెత్తబడిన నూలుచీరకి సాటి వచ్చే కొత్తగుడ్డ లేదు. బండారులంక, పులుగుర్త లాంటి ఊళ్లలో నేసిన నూలుచీరలు మన ఇళ్లలో పాతవి ఉండకపోవు. నాన్నగారి పంచెలు, తాతగారి కండువాలు మధ్య పొరలకి బ్రహ్మాండంగా పనికొస్తాయి. కానుక ఎవరికో ఆ మనిషికి దగ్గరివాళ్లందరినీ అడగండి. "పిన్నీ, అమ్మాయికి బొంత కుడుతున్నాను, నీ పాత నూలుచీర ఒకటి ఇవ్వవా" అంటే కాదనేవాళ్లు ఉండరు. ఆ చీర ఎప్పుడు కొన్నదో, ఏ పెళ్లికి కట్టుకున్నదో కూడా చెబుతారు. ఆ మాటలు ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి, చివర్లో వాటితో పని ఉంది.

చీర చేతికి రాగానే కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురుకి ఎదురుగా పట్టుకోండి. కుచ్చిళ్లు దోపుకునే చోట, కూర్చున్నప్పుడు ఒత్తిడి పడే చోట, కింది అంచు వెంబడి బట్ట పలచబడి ఉంటుంది. రెండు బొటనవేళ్లతో అక్కడ కొంచెం లాగండి. చిరుగుతున్న శబ్దం వస్తే ఆ భాగం కత్తిరించి తీసేయాలి. కొంచెం పలచబడిందే తప్ప గట్టిగా ఉంటే లోపలి పొరకి వాడొచ్చు. గట్టిగా ఉన్న కొంగు, కొంగు పక్కభాగం పై పొరకి ఉంచుకోండి.

ఏ గుడ్డ వద్దో కూడా చెప్పాలి. పాలిస్టరు చెమట పీల్చదు, మన ఉక్కలో ఒంటికి అతుక్కుంటుంది. పట్టు ఉతుకులకి ఆగదు. జరీ గుచ్చుకుంటుంది. ఉప్పాడ జామ్దానీ ఎంత అందంగా ఉన్నా బొంతకి వద్దు. దాన్ని బొంతలో పెట్టి పాడుచేయడం నాకైతే మనసొప్పదు. ఏది నూలో తెలియకపోతే అంచు నుంచి రెండు పోగులు లాగి, ఇంటి బయట ఒక పళ్లెంలో పెట్టి వెలిగించండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద రాలుతుంది. పాలిస్టరైతే కరిగి గట్టి పూసలా అవుతుంది.

ముక్కల బొంత కుట్టాలనుకుంటే టైలరు దగ్గర జాకెట్లు కోయగా మిగిలిన ముక్కలు అడిగి తెచ్చుకోండి. టూ బై టూ జాకెట్ గుడ్డ రంగులకి బాగుంటుంది. దాన్నీ ఒకసారి కాల్చి చూడాలి, ఈ మధ్య కల్తీ గుడ్డ ఎక్కువగా వస్తోంది.

ఉతుకు, గంజి, రంగు

ఫాల్ విప్పండి, జరీ అంచు ఉంటే కత్తిరించి తీసేయండి. తర్వాత రాత్రంతా మామూలు నీళ్లలో నానబెట్టి, పొద్దున్నే పిండి, మళ్లీ కొత్త నీళ్లలో జాడించాలి. పాత గంజి పూర్తిగా పోవాలి. గంజి మిగిలితే సూది సరిగా దిగదు, వానాకాలంలో బూజు పడుతుంది, దాచినచోట పురుగులు చేరతాయి.

సముద్రానికి దగ్గరి ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. కొన్ని చోట్ల ఇనుము ఎక్కువై తెల్ల పంచెల మీద పసుపు మరకలు తేలతాయి. తెల్లవాటికి మాత్రం మంచినీళ్లు వాడండి. కాలువ నీళ్ల మీద ఆధారపడే ఊళ్లలో వేసవిలో కాలువలు కట్టేయకముందే ఈ ఉతుకుడు పని ముగించుకోవడం మంచిది.

ముదురు ఎరుపు, నీలం, ఆకుపచ్చ రంగులకి పరీక్ష తప్పదు. తడిపిన తెల్లగుడ్డని ఆ చీర మీద వేసి గట్టిగా రుద్దండి. రంగు అంటితే మళ్లీ రెండు మూడుసార్లు ఉతికి చూడండి. అప్పటికీ అంటుతుంటే ఆ చీర ఈ బొంతకి వద్దు. ఉప్పు వేసి నానబెడితే రంగు నిలబడిపోతుందని చాలామంది నమ్ముతారు గానీ, దిగే రంగుని ఉప్పు ఆపలేదు. కొత్తగుడ్డ ఏదైనా కలుపుతుంటే దాన్నీ ముందే ఉతికి కుదించాలి. లేకపోతే కుట్టాక మొదటి ఉతుకులోనే అది మాత్రం ముడుచుకుని బొంత అంతా ముడతలు పడుతుంది.

ఆరాక అన్నిటినీ ఇస్త్రీ చేయండి. ఈ పని ఎగ్గొడితే కొలతలు తప్పుతాయి.

కొలతలు

చీర పొడవు సుమారు అయిదున్నర మీటర్లు, అంటే 216 అంగుళాలు. పన్నా 46 అంగుళాల దాకా ఉంటుంది. ఈ రెండు అంకెలు గుర్తుంటే చాలు, మిగతాది తేలిక.

సింగిల్ బొంతకి ఒక చీరని సగానికి మడిస్తే 46 పన్నాలో 108 అంగుళాల పొడవున రెండు పొరలు వస్తాయి. చివర్లు సరిచేస్తే 100 అంగుళాలు నికరంగా మిగులుతుంది. ఇంకో చీరని అలాగే మడిచి దాని మధ్యలో పెడితే నాలుగు పొరలు. నడుమ ఎక్కడా అతుకు ఉండదు, నవారు మంచానికీ దివాన్ కాట్‌కీ సరిగ్గా సరిపోతుంది. డబుల్ బొంతకి ఒక్కో చీరని అడ్డంగా రెండు ముక్కలు చేసి, పన్నాలు పక్కపక్కన పెట్టి నిలువునా కలిపి కుట్టాలి. సుమారు 90 అంగుళాల వెడల్పున ఒక పొర వస్తుంది. నాలుగు పొరలకి నాలుగు చీరలు. పొరల అతుకులు ఒకదానిమీద ఒకటి పడకుండా నాలుగు అంగుళాలు అటూ ఇటూ జరపండి, లేకపోతే నడుమ గట్టుకట్టి ఒంటికి తగులుతుంది.

పసిపిల్లల బొంత 32 అంగుళాల వెడల్పు, 36 అంగుళాల పొడవు. మూడు పొరలు చాలు. ఒక జాగ్రత్త: ఏడాదిలోపు బిడ్డ నిద్రపోతున్నప్పుడు పైన వదులుగా బొంతలు, దుప్పట్లు కప్పవద్దని పిల్లల డాక్టర్లు చెబుతారు. ముఖం మీదికి వస్తే ఊపిరికి అడ్డం. ఈ బొంత నేలమీద పరిచి బోర్లా పడుకోబెట్టి ఆడించడానికి, ఒళ్లో వేసుకోవడానికి. ఇచ్చేటప్పుడు తల్లికి ఆ మాట చెప్పండి.

ముక్కల పై పొర కావాలంటే

అట్ట మీద అయిదు అంగుళాల చదరం గీసి కోసుకోండి. దాన్ని గుడ్డ మీద పెట్టి సుద్దతో గీసి, ఒక్కోటీ విడిగా కత్తిరించండి. పసిపిల్లల బొంతకి అడ్డంగా ఏడు, నిలువుగా ఎనిమిది, మొత్తం 56 ముక్కలు. అన్ని వైపులా పావంగుళం కుట్టులోకి పోతే ఒక్కో చదరం నాలుగున్నర అంగుళాలు తేలుతుంది, బొంత 31న్నర, 36 అంగుళాలు వస్తుంది.

కుట్టేముందు 56 ముక్కలూ నేలమీద పరచి నాలుగడుగులు వెనక్కి వెళ్లి చూడండి. ముదురు రంగులన్నీ ఒకే మూలకి చేరితే కంటికి వెంటనే తెలుస్తుంది. ఫ్యాను ఆపడం మర్చిపోకండి. సర్దాక ఫోనులో ఫొటో తీసుకుంటే, తర్వాత వరస తప్పదు. మొదట అడ్డవరసలు కుట్టి, అతుకులని మొదటి వరసలో కుడివైపుకి, రెండో వరసలో ఎడమవైపుకి ఇస్త్రీ చేయాలి. అప్పుడు వరసకి వరస కలిపేటప్పుడు అతుకులు ఒకదాన్నొకటి ఆనుకుని, నాలుగు ముక్కలు కలిసే మూల కుదురుగా వస్తుంది. ఈ అతుకులు మిషను మీద వేసుకోవడమే మంచిది, గట్టిగా ఉంటాయి.

పొరలు పరచడం

బొంత బాగా రావడం, రాకపోవడం ఇక్కడే తేలిపోతుంది. తొందరపడకండి, ఇంకో మనిషిని సాయం పిలవండి.

గచ్చు తుడిచి, ఆరాక, అడుగు పొరని తిరగేసి పరచండి. నాలుగు మూలలా ఇద్దరూ పట్టుకుని సమానంగా లాగి, అంచుల మీద బరువులు పెట్టండి. పచ్చడిబండైనా, లావుపాటి పుస్తకాలైనా పరవాలేదు. గుడ్డ బిగుతుగా ఉండాలి గానీ సాగకూడదు. దానిమీద మధ్య పొరలు, మళ్లీ ఒక్కోటీ అరచేత్తో నడుమ నుంచి అంచులకి సర్దుతూ వేయండి. పై పొర మంచివైపు కనబడేలా వేయాలి. అడుగు, మధ్య పొరలు అన్ని వైపులా రెండు అంగుళాలు ఎక్కువ ఉంటే కుట్టేటప్పుడు జరిగినా ఇబ్బంది ఉండదు.

ఇప్పుడు పిన్నీసులు. నడుమ నుంచి మొదలుపెట్టి జానెడు దూరానికొకటి, అన్ని పొరల్లోంచి దిగేలా పెట్టండి. ఎన్ని పెట్టారో కాగితం మీద రాసుకోండి. అన్నీ తీశాక ఆ లెక్క సరిపోవాలి, ముఖ్యంగా పసిపిల్లల బొంతకి. పిన్నీసులు పెట్టాక పొడుగు పొడుగు కచ్చాకుట్లు ప్లస్ గుర్తు ఆకారంలో, తర్వాత మూల నుంచి మూలకి వేసేస్తే, బొంతని ఎక్కడికైనా తీసుకెళ్లి కుట్టుకోవచ్చు.

కుట్టు

చేత్తో కుట్టిన బొంత మెత్తగా ఒంగుతుంది. మిషను కుట్టు రెండు వైపులా దారాన్ని బిగించేస్తుంది కాబట్టి బొంత కొంచెం బిరుసుగా ఉంటుంది. టైము లేనప్పుడు మిషను తప్పేమీ కాదు. 16 నంబరు సూది వేసి, కుట్టు పొడవు పెంచి, పాదం ఒత్తిడి తగ్గించి, నడుమ నుంచి అంచులకి కుట్టండి. కానీ దగ్గరివాళ్లకి ఇచ్చేది చేత్తోనే కుట్టమని అడుగుతాను.

దారం నూలుదే అయి ఉండాలి, మామూలు మిషను దారం కన్నా లావుది. గట్టి పాలిస్టరు దారం పాతబట్టని కాలక్రమంలో కోసేస్తుంది. సింగిల్ బొంతకి అంగుళం దూరంలో నిలువు వరసలు వేస్తే 46 వరసలు, ఒక్కోటీ 100 అంగుళాలు. ముడులు, వృథా కలుపుకుని 140 మీటర్ల దాకా ఒంటిపేట దారం సిద్ధంగా ఉంచుకోండి. రంగు దారమైతే మొత్తం ఒకేసారి కొనండి, మళ్లీ వెళ్తే అదే రంగు దొరకదు. సూదిలోకి ఒకసారికి మూరన్నర దారమే ఎక్కించండి. పొడుగైతే చిక్కుపడుతుంది, బట్టలోంచి మాటిమాటికీ లాగడంతో పీచు లేస్తుంది. కొవ్వొత్తి ముక్క మీద ఒకసారి లాగితే నున్నగా నడుస్తుంది.

సుద్దతో గీతలు గీసుకోండి. నడుమ గీత మొదట, తర్వాత దానికి కుడి, ఎడమ. అంచుల నుంచి లోపలికి వస్తే మిగులు గుడ్డంతా నడుమకి చేరి ఉబ్బిపోతుంది. ముడి పైకి కనబడకూడదు. సూదిని మొదటి కుట్టుకి అంగుళం అవతల పై పొరలోకి మాత్రమే దించి, గీత మీదికి తేల్చి, దారాన్ని చిన్నగా లాగితే ముడి టక్కున లోపలికి దిగి ఆగుతుంది.

కుట్టు బియ్యపుగింజంత ఉండాలి, కుట్టుకీ కుట్టుకీ మధ్య ఖాళీ కూడా అంతే. ఎడమచెయ్యి బొంత కింద ఉంచి, సూది మొన వేలికి తగలగానే పైకి తిప్పాలి. మొన తగల్లేదంటే అడుగు పొరని పట్టలేదన్నమాట. మూడు నాలుగు కుట్లు సూది మీద ఎక్కించి ఒకేసారి లాగండి. దారం గుడ్డని ముడతపెట్టేంత బిగించవద్దు, వదులుగానూ వదలవద్దు. రెండు వరసలకొకసారి తిరగేసి వెనకవైపు చూసుకోండి. మడత పడి ఉంటే ఆ వరస వెంటనే విప్పేయడమే, తర్వాత సర్దుకుంటుందని వదిలేస్తే సర్దుకోదు. నడిమివేలికి టైలర్లు పెట్టుకునే లోహపు టోపీ పెట్టుకోకపోతే రెండో రోజుకే వేలు నొప్పెడుతుంది.

వరసలు సూటిగానే ఉండాలని లేదు. నడుమ ఒక దీర్ఘచతురస్రం మొదలుపెట్టి దాని చుట్టూ పెంచుకుంటూ పోవచ్చు, వాకిట్లో వేసే మెలికల ముగ్గుని గీసి దానిమీదే కుట్టొచ్చు. వరసల మధ్య మూడు అంగుళాలకి మించి ఖాళీ వదలకపోతే చాలు. అంతకంటే వదిలితే ఉతికినప్పుడు లోపలి పాతపొరలు జరిగి చిరుగుతాయి.

అంచు, మూలలు

ముందు చుట్టూ మిగిలిన గుడ్డని కొలబద్ద పెట్టి సూటిగా కత్తిరించండి. అంచు పట్టీకి చీర అంచే వాడుకోవచ్చు. జరీ లేని నూలు అంచు రెండున్నర అంగుళాల వెడల్పున కత్తిరిస్తే ఒక్కో చీరకి రెండు అంచులు, కలిపి 430 అంగుళాల పట్టీ వస్తుంది. సింగిల్ బొంత చుట్టుకొలత 292 అంగుళాలే కాబట్టి ఇంకా మిగులుతుంది. పట్టీని నిలువునా సగానికి మడిచి ఇస్త్రీ చేసి, పైవైపు అంచుకి ఆనించి కుట్టి, వెనక్కి తిప్పి చేత్తో దాపుడు కుట్టు, అంటే దారం పైకి కనబడని కుట్టు వేయండి. మూల దగ్గరికి వచ్చినప్పుడు పావంగుళం ముందే ఆగి, పట్టీని పైకి మడిచి, మళ్లీ కిందికి దించి, రెండో వైపు మొదలుపెట్టాలి. వెనక్కి తిప్పితే మూల దానంతటదే ఏటవాలు మడతలోకి కూర్చుంటుంది.

నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు అల్లే క్రోషే లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పెళ్లి కానుకగా ఇచ్చే డబుల్ బొంతకి తలవైపు ఒక బెత్తెడు వెడల్పు లేసు వేస్తే దాని అందమే వేరు. పసిపిల్లల బొంతకి మాత్రం లేసు వద్దు, చిన్నివేళ్లు ఆ కన్నాల్లో ఇరుక్కుంటాయి. పూసలు, బొత్తాలు, చమ్కీలు కూడా అంతే. ఊడితే నోట్లోకి పోతాయి.

పేరు కుట్టి ఇవ్వడం

వెనకవైపు ఒక మూల అరచేయంత తెల్లగుడ్డ ముక్క కుట్టి, దానిమీద పేరు, సంవత్సరం కాడకుట్టుతో (పక్కపక్కన ఆనించి తాడులా వేసే కుట్టు) వేయండి. తెలుగు అక్షరాల వంపులకి గొలుసుకుట్టు కన్నా అదే చక్కగా తిరుగుతుంది. మొదట రాసిపెట్టుకోమన్న కాగితం ఇప్పుడు తీయండి. ఏ ముక్క ఎవరి చీరో, ఎప్పుడు కట్టిందో శుభ్రంగా ఒక కార్డు మీద రాసి బొంతతోపాటు ఇవ్వండి. నా దృష్టిలో కానుకలో సగం విలువ ఆ కార్డుదే. పదేళ్లు పోయాక ఆ వివరాలు చెప్పేవాళ్లు ఉండకపోవచ్చు.

ఇచ్చేముందు పిన్నీసుల లెక్క చూసుకోండి, కచ్చాకుట్లు విప్పండి. ఒక అయస్కాంతం దొరికితే బొంత అంతటా ఓసారి నడిపించండి, విరిగిన సూదిమొన ఉంటే దొరికిపోతుంది. సుద్ద గీతలు పోయేలా ఒకసారి ఉతికి ఎండబెట్టాలి. తడి బొంత బరువుగా ఉంటుంది. ఒకే తాడు మీద వేస్తే కుట్లు సాగుతాయి, రెండు మూడు తాళ్ల మీద పరిచి వేయండి.

దాచే పద్ధతి కూడా తీసుకునేవాళ్లకి చెప్పండి. ప్లాస్టిక్ కవర్లో కట్టిపెడితే మన తేమకి నెలలోపే ముక్కవాసన వస్తుంది. పాత దుప్పట్లో చుట్టి, ఎండిన వేపాకు పెట్టి, వానలు తెరిపిచ్చినప్పుడల్లా ఎండ చూపించాలి. పసిపిల్లల బట్టల్లో కలరా ఉండలు పెట్టవద్దు. వాటిలో ఉండే నాఫ్తలీన్ వల్ల కొందరు పిల్లల్లో ఎర్ర రక్తకణాలు దెబ్బతింటాయి.

మిగిలిన ముక్కల్లోంచి అరచేయంతవి నాలుగైదు, అదే దారం ఒక చిన్న ఉండ, ఒక సూది, గుడ్డసంచిలో వేసి బొంత మడతలో పెట్టి ఇవ్వండి. పాతబట్ట కదా, ఎక్కడో ఒకచోట చిరుగుతుంది. చిరుగు మీద ముక్క వేసి, చుట్టూ అంచులు లోపలికి మడిచి, పాత వరసల మీదుగానే కుట్టుకుంటూ పోతే మాసిక వేసినట్టే తెలియదు.